పాత చీరల బొంత

చెల్లెలి పాప కోసం, అమ్మ కట్టి వదిలిన మంగళగిరి నూలు చీరలతో ఒక చిన్న బొంత కుట్టాను. కొత్త బట్టలోని గంజి, వదిలే రంగు పసివారి చర్మానికి పడకపోవచ్చు గనుక, ఏళ్ల తరబడి ఉతికి ఉతికి మెత్తబడిన చీరను మించిన గుడ్డ ఈ పనికి లేదని నా అభిప్రాయం. చీరకు అందమిచ్చే జరీ అంచు ఇక్కడ మాత్రం గీరుకుంటుంది కాబట్టి దానిని ముందే కత్తిరించేశాను (అమ్మ ముఖం కాస్త చిన్నబోయిన మాట నిజం).

నాలుగు పొరలు పరిచి, ముడతలు సరిచేసి, అవి జరగకుండా మొదట పెద్ద పెద్ద కుట్లు వేసుకుని, ఆ తరువాత అంచుల నుంచి లోపలికి చతురస్రాలుగా సన్నని కుట్టు కుట్టుకుంటూ వెళ్లాను; పైన మిగిలిన ముడి పాప వీపుకు ఒత్తుకుంటుంది గనుక దారం ముడులన్నీ పొరల మధ్యకే లాగేశాను. పూసలు, గుండీలు, కుచ్చులు ఏవీ పెట్టలేదు.

ఏడాది నిండని పిల్లలు నిద్రించే చోట వదులు దుప్పట్లు ఉంచవద్దని అమెరికాలోని పిల్లల వైద్యుల సంఘమైన అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ సూచిస్తోంది. అందువల్ల ఇది కప్పడానికి కాదని, పాప మెలకువగా ఉన్నప్పుడు, పెద్దల కళ్ల ముందే, నేల మీద పరిచి ఆడించడానికని చెల్లెలికి ముందే చెప్పాను.