ఏఐ టెన్షన్ మధ్యే ఏఎంఈ లైసెన్సు

నాకు విమానాల మెయింటెనెన్స్ ఇంజనీర్ (ఏఎంఈ) లైసెన్సు వచ్చిందని తెలిసిన దగ్గర్నుంచి ఆకివీడు, ఉండి, భీమవరం చుట్టుపక్కల ఊళ్ల తల్లిదండ్రులు ఫోన్ చేస్తున్నారు. అందరిదీ ఒకటే మాట: "అంత ఖర్చుపెట్టి చదివించాక ఆ పని ఏఐ చేసేస్తే మావాడి గతేంటండీ?" చదువుకునే రోజుల్లో నాకూ ఈ ప్రశ్నతో నిద్ర పట్టేది కాదు. అందుకే నాకు తెలిసినంతవరకు రాస్తున్నాను.

ఇంటర్ ఎంపీసీ తర్వాత పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఆమోదం ఉన్న సీఏఆర్-147 (శిక్షణ సంస్థల నిబంధన) ఇన్‌స్టిట్యూట్‌లో కోర్సు చేస్తే, లైసెన్సు కోసం పైన నడుస్తున్న విమానాల మీద రెండేళ్లు పని చేసిన అనుభవం చూపించాలి. సాంకేతిక చదువేదీ లేకపోతే టర్బైన్ ఇంజన్ విమానాలకు సంబంధించిన బి1.1 కేటగిరీకి ఐదేళ్ల అనుభవం కావాలి. మాడ్యూల్ (సబ్జెక్టు) పరీక్షల్లో 75 శాతం వస్తేనే పాస్.

కోర్సు అయ్యాక హ్యాంగర్‌లో (విమానాలు బాగుచేసే షెడ్డులో) అవకాశం రావడానికి టైమ్ పట్టింది. ఆ ఖాళీలో మా రొయ్యల చెరువు గట్టు మీద షెడ్డులో కూర్చుని మిగిలిన మాడ్యూల్స్ చదివాను. వాటిలో నన్ను బాగా కదిలించింది మాడ్యూల్ 9, హ్యూమన్ ఫ్యాక్టర్స్, అంటే పనిలో మనుషులు చేసే పొరపాట్ల గురించిన పాఠం. 1990లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం గాల్లో ఉండగా కాక్‌పిట్ అద్దం ఊడిపోయి, కెప్టెన్ సగం బయటికి వెళ్లిపోయారు. సిబ్బంది కాళ్లు పట్టుకుని ఆపబట్టి బతికారు. అద్దం మార్చినప్పుడు బిగించిన 90 బోల్టుల్లో 84 ఉండాల్సిన దానికన్నా సన్నవి. పాత బోల్టుతో పోల్చి, కంటి అంచనాతో తీసుకున్నారు. పార్ట్ నంబర్ సరిచూసే సాఫ్ట్‌వేర్ అక్కడుంటే ఆ బోల్టులు స్టోర్ దాటేవి కావేమో. కాబట్టి ఈ పనికి మనిషే చాలు, మెషీన్ ఎందుకు అని నేను అనలేను.

తర్వాత హైదరాబాద్‌లో ఒక హ్యాంగర్‌లో చేరాను. అక్కడ నాకు బాగా నచ్చిన పని బోరోస్కోప్. ఇంజన్ విప్పకుండా, చిన్న పోర్టు గుండా కెమెరా ఉన్న సన్నటి ట్యూబ్ లోపలికి పంపుతారు. ఒకరు ఇంజన్ కోర్‌ను మెల్లగా తిప్పుతుంటే టర్బైన్ బ్లేడ్లు ఒక్కొక్కటే స్క్రీన్ మీదికి వస్తాయి. అంచు కాలిందా, కోటింగ్ లేచిందా, కూలింగ్ రంధ్రాల దగ్గర వెంట్రుకంత గీత ఉందా? గీత కనిపిస్తే అది పగులా, మసి చారా? పగులైతే మాన్యువల్‌లో ఇచ్చిన లిమిట్ లోపల ఉందా? మొదట్లో నాకు అన్నీ ఒకేలా కనిపించేవి. మా సీనియర్ ఏమీ చెప్పేవారు కాదు. "చూస్తూ ఉండు తమ్ముడూ, కళ్లకు అదే అలవాటవుద్ది" అనేవారు. అలాగే అయింది.

ఇప్పుడు ఏఐ సరిగ్గా ఈ పనిలోకే వస్తోంది. సాఫ్ట్‌వేర్ వీడియో అంతా జల్లెడ పట్టి అనుమానం ఉన్న బ్లేడ్లను మాత్రమే ముందు పెడుతుంది. సెన్సార్ డేటా చూసి ఏ పార్టు ఎప్పుడు పాడవుతుందో అంచనా వేసే ఎయిర్‌బస్ స్కైవైజ్ లాంటివి 2017 నుంచే ఉన్నాయి. వీటివల్ల రికార్డులు సరిచూసే పని, ప్లానింగ్‌లో డేటా ఎంట్రీ తగ్గుతాయనే నా అభిప్రాయం. ఆ డెస్క్ ఉద్యోగాలనే నమ్ముకుని ఈ కోర్సులో చేరొద్దు. కానీ విమానాన్ని సర్వీసుకు విడుదల చేసే సీఆర్‌ఎస్ పత్రం మీద సంతకం లైసెన్సు ఉన్న మనిషిదే. ఐరోపా నియంత్రణ సంస్థ ఈఏఎస్ఏ కూడా తన ఏఐ రోడ్‌మ్యాప్‌లో మనిషికి సాయపడటాన్నే మొదటి మెట్టుగా పెట్టుకుంది.

నా భయం ఉద్యోగాలు పోతాయని కాదు, కొత్తగా వచ్చేవాళ్లకు కన్ను ఎలా కుదురుతుందని. మా చెరువులో నాన్నగారు ఆక్సిజన్ సెన్సార్ పెట్టించారు. తెల్లవారుజామున డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) పడిపోతే ఫోన్ మోగుతుంది. మోగినా ఆయన టార్చి పట్టుకుని గట్టంతా తిరిగి, నీటి రంగు చూసి, రొయ్యలు మేత తింటున్నాయో లేదో తెలిపే చెక్ ట్రే ఎత్తి చూశాకే ఏం చేయాలో చెప్తారు. ఏ గొడవా లేని రోజుల్లో చెరువు ఎలా ఉంటుందో ఏళ్ల తరబడి చూశారు గనుకే తేడా ఇట్టే పట్టేస్తారు. మేమూ బాగున్న బ్లేడ్లను వేలల్లో చూసే పాడైనదాన్ని గుర్తుపట్టడం నేర్చుకున్నాం. రేపు చేరే కుర్రాడికి మెషీన్ ఏరి పెట్టిన నాలుగు ఫొటోలే చూపిస్తే, అది వదిలేసిన ఐదోదాన్ని అతనెలా పట్టుకుంటాడు? సంతకం మాత్రం అతనిదే కదా!

పని దొరకదన్న భయం అక్కర్లేదు. లీప్ అనే విమాన ఇంజన్ల కోసం సఫ్రాన్ సంస్థ కట్టిన మెయింటెనెన్స్ కేంద్రానికి 2025 నవంబరులో హైదరాబాద్‌లో ప్రారంభోత్సవం జరిగింది. పూర్తి స్థాయికి వచ్చాక ఏటా 300 ఇంజన్ల వరకు చూడగలదట.

ఫోన్ చేసేవాళ్లకు నేను చెప్పేది ఇదే. ఫీజు కట్టే ముందు ఇన్‌స్టిట్యూట్ పేరు డీజీసీఏ జాబితాలో ఉందో లేదో చూసుకోండి. ప్రాక్టికల్స్ ఎక్కడ, ఏ విమానం మీద చేయిస్తారో కాగితం మీద రాయించుకోండి. వీలైతే చదువు అయిపోయిన సీనియర్లను ఇద్దర్ని కలిసి, చేసిన పనులు రాసుకునే లాగ్‌బుక్ ఎలా నిండిందో అడగండి.

నేనిప్పుడు టైప్ రేటింగ్ (ఒక్కో రకం విమానానికి విడిగా ఇచ్చే అర్హత) కోసం చదువుతున్నాను. అది లేకుండా ఎయిర్‌బస్ ఏ320 మీద సీఆర్‌ఎస్ ఇవ్వలేను. సాఫ్ట్‌వేర్ ఏరిన ఫొటోలతో పాటు పూర్తి వీడియో కూడా ట్రైనీలకు చూపించమని మా సూపర్‌వైజర్‌ను అడిగాను. నైట్ షిఫ్టులో పని తగ్గిన టైమ్‌లో చూపిద్దామన్నారు. వచ్చే నెల నుంచి మొదలుపెడుతున్నాం.