మాట తీర్మానం కావడానికి పట్టిన మూడు సమావేశాలు

ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి ప్రాంతంలో వేసవి వచ్చిందంటే ట్యాంకర్ల కాలం వచ్చినట్టే. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉండడం వల్ల, ఉన్న బోర్లు కూడా ఏప్రిల్ నాటికి అడుగంటడం వల్ల, మా పట్టణంలో చాలా వీధులు పురపాలక సంఘం పంపే ట్యాంకరు మీదే ఆధారపడతాయి. 2021 మార్చి ఎన్నికల్లో నేను తొలిసారి వార్డు కౌన్సిలరుగా గెలిచాను. మరుసటి వేసవిలో మా వార్డుకు రోజుకు నాలుగు ట్రిప్పులు తోలినట్టు బిల్లుల్లో కనిపించింది. బిందెలతో వరుసలో నిలబడ్డ ఆడవాళ్లు లెక్కపెడితే రెండే వచ్చాయి.

ఆ నెల కౌన్సిల్ సమావేశంలో ఈ సంగతి పది నిమిషాలు మాట్లాడాను. సభ్యులు బల్లలు చరిచారు, చైర్‌పర్సన్ పరిశీలిస్తామన్నారు, నేను పని అయిందనుకుని ఇంటికి వచ్చాను. తరువాతి సమావేశంలో మినిట్స్, అంటే సమావేశంలో జరిగినదాన్ని నమోదు చేసే పుస్తకం, చూస్తే అందులో నా మాట ఒక్క ముక్క కూడా లేదు. మా వరుసలో కూర్చునే పెద్దాయన, రెండుసార్లు గెలిచినవారు, నన్ను పక్కకు పిలిచి, “అమ్మా, నువ్వు మాట్లాడావు గానీ తీర్మానం పెట్టలేదు. అజెండాలో లేనిదానికి ఓటు ఉండదు, ఓటు పడనిదానికి పుస్తకంలో చోటుండదు” అన్నారు.

ఆ సాయంత్రమే కాగితం పట్టుకున్నాను. “ట్యాంకర్ల సమస్యను వెంటనే పరిష్కరించాలని కోరడమైనది” అని రాసి చూపిస్తే ఆయన చదివి వెనక్కి ఇచ్చేశారు. “దీన్ని కాదనేవాళ్లు ఎవరుంటారు? ఔనన్నా రేపు పొద్దున ఎవరు ఏం చెయ్యాలో ఇందులో ఉందా?” అని అడిగారు. తీర్మానం అంటే ఔననో కాదనో చెయ్యెత్తడానికి వీలైన వాక్యమని, చేయవలసినవారు ఎవరో, చేయవలసింది ఏమిటో అందులోనే ఉండాలని నాకు అప్పుడు తెలిసింది. నాలుగోసారి రాసినప్పుడు అది ఇలా తేలింది: వార్డువారీగా ట్యాంకరు ట్రిప్పుల రిజిస్టరు పెట్టాలి, ప్రతి ట్రిప్పుకు ఆ వీధి నివాసులు ఇద్దరి సంతకం ఉండాలి, ఆ సంతకాలు లేని ట్రిప్పుకు బిల్లు చెల్లించకూడదు.

దాన్ని అజెండా తయారయ్యేలోపే కమిషనరు కార్యాలయంలో ఇచ్చి, రసీదు తీసుకున్నాను. సమావేశానికి మూడు నిండు రోజుల ముందు అజెండా సభ్యుల చేతికి అందాలన్న నిబంధన కొత్త సభ్యులకు ఎంత అండగా ఉంటుందో ఆ మూడు రోజుల్లోనే గ్రహించాను. ఇంటింటికీ వెళ్లి తోటి కౌన్సిలర్లతో మాట్లాడడానికి, నన్ను బలపరిచేవారిని వెతుక్కోవడానికి ఆ గడువే ఆధారమైంది. అప్పటికప్పుడు బల్ల మీద పెట్టే టేబుల్ అజెండా అంశాలను నేను ఈనాటికీ వ్యతిరేకిస్తాను. చదవని కాగితానికి చెయ్యెత్తమనడం సభ్యులకు అన్యాయం.

సమావేశం రోజు నేను ప్రతిపాదించాను, పెద్దాయన బలపరిచారు. వెంటనే ఒక సభ్యుడు లేచి, ఈ విషయాన్ని అధికారులకే వదిలేయాలని సవరణ పెట్టారు. తీర్మానాన్ని ఓడించడంతో సమానమైనది సవరణ కాదని, అది కావాలంటే తీర్మానానికి వ్యతిరేకంగా ఓటేస్తే సరిపోతుందని పెద్దాయన అభ్యంతరం చెప్పగా, చైర్‌పర్సన్ అంగీకరించి దాన్ని తోసిపుచ్చారు. రెండో సవరణ మాత్రం నిలిచింది. నివాసుల సంతకాలకు బదులు వార్డు సచివాలయంలో నీళ్ల వంటి వసతులు చూసే ఎమినిటీస్ కార్యదర్శి ధ్రువీకరణ చాలునన్నది దాని సారాంశం.

సవరణకే ముందు ఓటు జరగాలి, అసలు తీర్మానానికి తరువాత. ఇది తెలియకపోతే దేనికి చెయ్యెత్తుతున్నామో తెలియకుండానే ఓటు అయిపోతుంది. “అందరూ ఆమోదించినట్టేనా?” అని చైర్‌పర్సన్ అనగానే నేను లేచి, చేతులు లెక్కించాలని కోరాను. సూపరింటెండెంటు కిటికీ వైపు వరుస నుంచి పెన్సిలుతో ఒక్కొక్కరినీ చూపిస్తూ లెక్కపెట్టుకుంటూ వచ్చారు. చివరి వరుసలో ఒకావిడ మోచేతి వరకే చెయ్యి ఎత్తడంతో ఆ ఓటు తప్పిపోయింది, మళ్లీ లెక్కించమన్నాను. హాజరైన 18 మందిలో తొమ్మిది, తొమ్మిది. రాజ్యాంగం 100వ అధికరణం ప్రకారం లోక్‌సభ స్పీకరుకు మొదట ఓటు ఉండదు, ఓట్లు సమానమైతేనే నిర్ణాయక ఓటు వేస్తారు. మా కౌన్సిల్లో మాత్రం చైర్‌పర్సన్ సభ్యురాలిగా అప్పటికే ఒక ఓటు వేశారు, సమానం కావడంతో రెండోది కూడా సవరణ వైపే వేశారు. సంతకాల మాట పోయింది.

సవరించిన తీర్మానం ఓటుకు వచ్చినప్పుడు నా చెయ్యి ఒక్క క్షణం ఆగింది. నేను కోరుకున్న గట్టి ముడి అందులో లేదు. అయినా రిజిస్టరు ఉంది, ధ్రువీకరణ లేని ట్రిప్పుకు డబ్బు లేదన్న మాట ఉంది. చెయ్యెత్తాను. 15 మంది అనుకూలంగా ఓటేశారు.

మే నెల సమావేశంలో మినిట్స్ ధ్రువీకరణకు రాగా, మా అంశం ఎదుట “పరిశీలించడమైనది” అని ఉంది. ఓట్ల సంఖ్య, ప్రతిపాదించినవారి పేరు, బలపరచినవారి పేరు నా నోటుపుస్తకంలో రాసుకున్నాను గనుక, ధ్రువీకరణకు ముందే లేచి వాటిని చదివి వినిపించాను. ఆ పదాన్ని కొట్టేసి, పైన “ఆమోదించడమైనది” అని రాసి, చైర్‌పర్సన్ పక్కన పొట్టి సంతకం చేశారు. ఆ మరుసటి వారం మా వార్డు రిజిస్టరు తెరిచి చూస్తే, మొదటి పేజీలో మొదటి రోజుకు రెండు ట్రిప్పులని ఉంది. బిల్లు కూడా రెండింటికే వచ్చింది.