మూడు కంప్యూటర్లలో గిట్: నా అనుభవం

భీమవరం దగ్గర మా రొయ్యల చెరువులకు వేసిన మేత, నీటి ఉప్పుశాతం, పట్టుబడి వివరాలను టెక్స్ట్ ఫైళ్లలో రాసుకుంటాము. నేను, మా బావగారు, మా మేనకోడలు అవే ఫైళ్లను దిద్దుతూ ఉంటాము కనుక, ఏ అంకెను ఎవరు ఎప్పుడు మార్చారో తెలియడానికి, ఫైళ్లలో మార్పుల చరిత్రను దాచే గిట్ అనే సాధనం పెట్టుకున్నాము. 2005లో లైనక్స్ కెర్నల్ (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగం) పని కోసం లైనస్ టోర్వాల్డ్స్ రాసిన ఈ సాధనంలో ప్రతి కంప్యూటర్‌లోనూ పూర్తి చరిత్ర ఉంటుంది; సిగ్నల్ అందని చెరువు గట్టు మీద కూడా కమిట్ చేసుకోవచ్చు, అంటే మార్పును ఆ చరిత్రలో నమోదు చేసుకోవచ్చు. మాకు బాగా నచ్చిన గుణం అదే.

నా ఉబుంటులో (ఇది ఒక రకం లైనక్స్) 'సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ గిట్' అని కొడితే సరిపోయింది. మేనకోడలి మ్యాక్‌లో యాపిల్ వారి కమాండ్ లైన్ టూల్స్ దించుకుంటే వాటితోపాటే గిట్ వచ్చింది, అయితే అందులో కంపైలర్ (ప్రోగ్రాములను యంత్రభాషలోకి మార్చేది) వంటివి కూడా ఉన్నందున డౌన్‌లోడ్ పెద్దది. బావగారి విండోస్‌లో మాత్రం ఇన్‌స్టాలర్ వరుసగా ప్రశ్నలు అడుగుతుంది. ఎడిటర్‌గా విమ్ (కీబోర్డు ఆదేశాలతో నడిచే ఎడిటర్) బదులు ఆయనకు అలవాటైన నోట్‌ప్యాడ్‌ను ఎంచుకున్నాము. పంక్తి చివరి గుర్తులు విండోస్‌లో ఒక రకంగా, లైనక్స్, మ్యాక్‌లలో మరో రకంగా ఉంటాయి. అందువల్ల ఫైలు తెరిచేటప్పుడు విండోస్ పద్ధతిలో, కమిట్ చేసేటప్పుడు లైనక్స్, మ్యాక్‌లు వాడే యూనిక్స్ పద్ధతిలో ఉంచే ఎంపికను అలాగే వదిలేశాము. లేకపోతే ఒక్క అంకె మార్చినా ఫైలంతా మారినట్టు కనిపించే ప్రమాదం ఉంది.

నేను ఎక్కువ శ్రద్ధ పెట్టింది తెలుగు ఫైలు పేర్ల మీద. 'చెరువు' అనే పేరున్న ఫైలును చేర్చి మారిన ఫైళ్లను చూపే 'గిట్ స్టేటస్' అడిగితే, మొదటి అక్షరం 'చ' ఉండవలసిన చోట 340, 260, 232 అనే సంఖ్యలు వెనుకకు వాలిన గీతలతో (\) కనిపించాయి. ఫైలుకు ఏమీ కాలేదు. ఆస్కీలో (ఇంగ్లీషు అక్షరాలు, అంకెల ప్రాథమిక పట్టికలో) లేని అక్షరాల బైట్లను గిట్ అష్టాంశ సంఖ్యలుగా (ఎనిమిది ఆధారంగా రాసే సంఖ్యలుగా) చూపడం దాని సహజ అమరిక. 'గిట్ కాన్ఫిగ్' ఆదేశంతో 'కోర్.కోట్‌పాత్' విలువను 'ఫాల్స్' చేయగానే పేరు తెలుగులో వచ్చింది. ఈ అమరిక ఫైళ్లతోపాటు ప్రయాణించదు, కాబట్టి మూడు కంప్యూటర్లలోనూ విడివిడిగా పెట్టాలి. కొన్ని టెర్మినళ్లలో (ఆదేశాలు కొట్టే కిటికీలలో) ఒత్తులు విడిపోయి కనిపించవచ్చు గాని, ఫైలులో అక్షరాలు సరిగానే ఉంటాయి.

తరువాత 'యూజర్.నేమ్' దగ్గర ఎవరి పేరు వారు తెలుగులోనే పెట్టుకున్నాము. ఇప్పుడు మార్పుల జాబితా చూపే 'గిట్ లాగ్' తీస్తే మేత లెక్క పక్కన బావగారి పేరు, తేదీ, సమయం ఉంటాయి.