110 డిగ్రీలు చేసిన మోసం

నాన్న 1984లో కొన్న అంబాసిడర్ మార్క్ 4 ఇప్పటికీ మా రాజమండ్రి ఇంటి వసారాలోనే ఉంటుంది. పోయిన వేసవిలో దాని కామ్‌షాఫ్ట్, అంటే ఇంజిన్ వాల్వులను తెరిచి మూసే కడ్డీ, మార్పించాను. ఆ తర్వాత రెండు నెలల ఆదివారాలు బానెట్ కిందే గడిచిపోయాయి.

మార్చక తప్పలేదు మరి. మూడో సిలిండర్లో పొగ బయటికి వదిలే వాల్వుని నెట్టే ఉబ్బు (ఎగ్జాస్ట్ లోబ్) ముక్కు అరిగి, వాడేసిన సబ్బుబిళ్ల అంచులా తయారైంది. వాల్వు దగ్గరి సందు (టాపెట్ గ్యాప్) ఎంత సరిచేసినా ఆ వాల్వ్ పూర్తిగా తెరుచుకునేది కాదు. ఒక షాపులో రీగ్రైండ్ చేసిన, అంటే పాతదాన్ని మళ్లీ సానపట్టిన, కామ్ దొరికింది. నూనె కాగితంలో చుట్టి ఇచ్చారు, పార్ట్ నంబర్ లేదు. "స్టాండర్డేనండీ" అన్నారు. నమ్మాను.

మేస్త్రీ రేడియేటర్, గ్రిల్ విప్పి, చెయిన్ పళ్లచక్రాల మీది రెండు చుక్కలు ఎదురెదురుగా వచ్చేలా పెట్టి పని ముగించాడు. సిలిండర్లకు స్పార్క్ పంచే డిస్ట్రిబ్యూటర్‌ని తిప్పే చిన్న షాఫ్ట్‌ని పైకి లాగడానికి దాని నెత్తిన ఓ పొడవాటి బోల్ట్ బిగిస్తారు. తిరిగి దించేటప్పుడు గేరు పళ్లు కలుస్తుంటే అది ఎడమవైపు తిరుగుతూ కూర్చుంటుంది. అందుకని కాస్త ముందు నుంచే మొదలుపెట్టాలి. మూడోసారికి కుదిరింది.

సెల్ఫ్ కొట్టగానే స్టార్టయింది కానీ, గోదావరి లాంచీలా ఊగిపోతోంది. నలభై స్పీడు దాటేదాకా పికప్ లేదు. దాటాక మాత్రం నాన్న హయాంలో కూడా ఎరగని ఉరుకు! "ఇంకొంచెం అడ్వాన్స్ ఇద్దాం బాబూ" అంటూ మేస్త్రీ స్పార్క్ ఇంకాస్త ముందే పడేలా, చెవి ఒగ్గి డిస్ట్రిబ్యూటర్ తిప్పాడు. ఐడ్లింగ్ కుదురుకుంది, హైవే ఎక్కితే టింగ్ టింగ్‌మని నాకింగ్, మిశ్రమం అదుపు తప్పి మండే చప్పుడు. వెనక్కి తిప్పితే నాకింగ్ పోయి, గేటు దగ్గరే ఇంజిన్ ఆగిపోయేది. కప్పల తక్కెడ వ్యవహారం.

చెయిన్ ఒక పన్ను తప్పిందేమోనని అనుమానం వచ్చింది. వాల్వులు ఎక్కడ తెరుచుకుంటున్నాయో కొలవడానికి 360 డిగ్రీల చక్రం ప్రింట్ తీసి, ప్లైవుడ్ ముక్క మీద అంటించి, పిస్టన్లు తిప్పే షాఫ్ట్ (క్రాంక్) పుల్లీకి బిగించాను. మన బండికి మూలమైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మాన్యువల్ లెక్క ప్రకారం, మిశ్రమాన్ని లోపలికి వదిలే ఇన్‌లెట్ వాల్వ్ పిస్టన్ పైకొచ్చే 5 డిగ్రీల ముందు తెరుచుకుని, కిందికి దిగాక 45 డిగ్రీలకు మూసుకుంటుంది. అంటే మొత్తం 230 డిగ్రీలు తెరిచి ఉంటుంది. దాని నడిమధ్య, అంటే వాల్వ్ పూర్తిగా తెరుచుకునే చోటు, పిస్టన్ పైకొచ్చాక 110 డిగ్రీల దగ్గర పడుతుంది. కొలిచాను. సరిగ్గా 110! కామ్ తప్పు లేదని తేల్చేసి, పాపం కార్బురేటర్‌ని రెండు వారాలు పీక్కుతిన్నాను.

ఓ రాత్రి నిద్రపట్టక, మధ్య వదిలేసి చివర్లు కొలిచాను. ఇన్‌లెట్ 16 డిగ్రీల ముందే తెరుచుకుంటోంది, 56 దగ్గర మూసుకుంటోంది. ఎగ్జాస్ట్ పిస్టన్ కిందికి చేరే 51 డిగ్రీల ముందు తెరుచుకుని, పైకొచ్చాక 21 దగ్గర మూసుకుంటోంది. మాన్యువల్లో ఎగ్జాస్ట్‌కి ఉన్నది 40, 10. నేను కొలిచినవేమో, ఇదే 1489 సీసీ ఇంజిన్‌తో మొదలైన ఎంజీఏ స్పోర్ట్స్ కారు కొలతలు. ఇన్‌లెట్ మధ్యబిందువు మాత్రం రెండు కామ్‌లకీ 110 దగ్గరే వస్తుంది! తలా తోకా చూడకుండా నడుము పట్టుకుని పాముని గుర్తించినట్టయింది నా పని.

రెండు వాల్వులూ కలిసి తెరిచి ఉండే సమయం 15 డిగ్రీల నుంచి 37కి పెరిగిందన్నమాట. నెమ్మది మీద కాలిన వాయువు వెనక్కి ఎగదన్ని కొత్త మిశ్రమంలో కలుస్తుంది. అలా కలుషితమైంది నిదానంగా మండుతుంది కాబట్టి స్పార్క్ ముందే పడాలి. స్పీడు మీద ఆ ఇబ్బంది ఉండదు. అక్కడ అదనపు అడ్వాన్స్ ఇస్తే నాకింగే. డిస్ట్రిబ్యూటర్‌ని అటూ ఇటూ తిప్పితే మొదలూ (ఐడ్లింగ్ మీది అడ్వాన్స్) చివరా (స్పీడు మీది అడ్వాన్స్) కలిసే జరుగుతాయి, మాకు కావలసింది మొదలు ఒక్కటే జరగడం.

డిస్ట్రిబ్యూటర్ విప్పితే, పాయింట్ల ప్లేటు కింద చిన్న కామ్ పాదం మీద 14 అని అచ్చు. స్పీడు పెరిగేకొద్దీ స్పార్క్ మహా అయితే ఎంత ముందుకు జరగొచ్చో చెప్పే అంకె అది, డిస్ట్రిబ్యూటర్ డిగ్రీల్లో. క్రాంక్ దానికి రెండింతలు తిరుగుతుంది కాబట్టి 28. ఐడ్లింగ్‌కి కావలసిన 12 కలిపితే 40. మోగక ఏం చేస్తుంది! ఆ పాదం చేయి తగిలి ఆగే చోట ఇత్తడి బ్రేజింగ్ చేయించి, ఆకురాయితో కొంచెం కొంచెం రాస్తూ 14ని 10కి దించాం. 12కి 20 కలిపితే 32. పుల్లీ చుట్టుకొలత దారంతో కొలిచి, 360తో భాగించి, 32 దగ్గర తెల్ల పెయింట్ చుక్క పెట్టాను. అడ్వాన్స్‌ని తనూ మార్చే వ్యాక్యూమ్ గొట్టం పీకేసి ఇంజిన్ రేజ్ చేస్తే, స్పార్క్ పడినప్పుడల్లా మెరిసే టైమింగ్ లైటు వెలుగులో ఆ చుక్క వచ్చి గుర్తు ఎదుట కదలకుండా నిలబడింది. మేస్త్రీ ఏమీ అనలేదు, లైటు అడిగి తీసుకుని తనూ ఓసారి చూసుకున్నాడు.

మారేడుమిల్లి ఘాట్ మీద పరీక్షించాం. రెండో గేర్లో దూకుతోంది, నాకింగ్ లేదు. ఒక్క మలుపులో మాత్రం స్పీడు బాగా పడిపోతే ఫస్ట్ వేయాల్సి వచ్చింది. పాత కామ్ అయితే అక్కడ గొణుక్కుంటూనైనా లాగేసేది.

ఐడ్లింగ్ నిమిషానికి 900 చుట్ల మీద పెట్టాను. ఇంకా తగ్గిస్తే ఆగిపోతుంది. గుడి ముందు ఆగినప్పుడల్లా సీటు వణుకుతోందని వెనకాల నుంచి అమ్మ ఇప్పటికీ సణుగుతూనే ఉంది.