ఐదేళ్లలో ఒక్క చావూ లేదన్నారు: ఆదివాసీ ప్రాంతానికి రోడ్డు భద్రత గ్రాంటు కోసం నా అనుభవం

గ్రాంటు వచ్చింది. డబ్బు ఇంకా చేతికి రాలేదు గానీ, ఎంపికైన వాళ్ల జాబితాలో మా తెగ ప్రభుత్వం పేరు కళ్లారా చూసుకున్నాం. సంతోషం, కోపం రెండూ చల్లారకముందే రాసేస్తున్నాను. అమెరికాలో ట్రాఫిక్ ఇంజినీర్లుగా, ప్లానర్లుగా పనిచేసే తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లలో ఒక్కరికైనా పనికొస్తే చాలు.

నేను ట్రాఫిక్ ఇంజినీర్ని. పడమటి రాష్ట్రం ఒకదానిలో, రిజర్వేషన్‌లో (అంటే తెగకు కేటాయించిన భూభాగంలో) ఉండే ఒక చిన్న ఆదివాసీ తెగకు దరఖాస్తు తయారుచేయడంలో సాయపడ్డాను. పథకం పేరు సేఫ్ స్ట్రీట్స్ అండ్ రోడ్స్ ఫర్ ఆల్. 2021 మౌలిక వసతుల చట్టంలో దీనికి ఐదేళ్లకు 500 కోట్ల డాలర్లు కేటాయించారు. నగరాలు, కౌంటీలు (మన జిల్లాల్లాంటివి), ఫెడరల్ గుర్తింపు ఉన్న తెగల ప్రభుత్వాలు నేరుగా అడగవచ్చు. రాష్ట్ర రవాణా శాఖలకు మాత్రం అర్హత లేదు. ఆ నియమం పెట్టిన వాళ్లకు దండం పెట్టాలనిపించింది. ఎందుకో చెబుతాను.

ముందు కాగితాల పని. ఫెడరల్ గ్రాంట్లు అడిగేవాళ్లు పేరు నమోదు చేసుకునే ప్రభుత్వ వెబ్‌సైటు శామ్. ఆ రిజిస్ట్రేషన్‌ను ఏటా రెన్యూ చేసుకోవాలి. గడువు ఎప్పుడు ముగుస్తుందో ముందే చూసుకోండి. తెగ కౌన్సిల్ తీర్మానం ఒక్క సమావేశంలోనే అయిపోయింది. ఖర్చులో 20 శాతం మనం భరించాలి అనేసరికి అందరికీ టెన్షన్ పట్టుకుంది గానీ, అదంతా నగదే కానక్కర్లేదు. సిబ్బంది పనిగంటలను కూడా లెక్కలో చూపించుకోవచ్చు. అలాగే చూపించాం.

ఇక అసలు కథ. దరఖాస్తులో గత ఐదేళ్ల రోడ్డు మరణాలు ఎన్నో రాయాలి. ఆ లెక్క కోసం రాష్ట్రంలోని ఒక కార్యాలయానికి వెళ్లాం. నాతోపాటు కౌన్సిల్ సభ్యురాలు ఒక పెద్దావిడ, తెగ పోలీసు అధికారి వచ్చారు. అక్కడి అధికారి కంప్యూటర్ తెర మా వైపు తిప్పి, రిజర్వేషన్ లోపలి రోడ్ల మీద ఐదేళ్లలో మరణాలు సున్నా అన్నాడు. అంతటితో ఆగలేదు. "సమస్యే లేనిచోట గ్రాంటు దేనికి? నిజంగా చావులున్న ఊళ్లు వరసలో ఉన్నాయి కదా" అన్నాడు. పెద్దావిడ ఒక్క మాట మాట్లాడలేదు. ఆవిడ మనవడు చీకట్లో రోడ్డు పక్కన నడిచి వస్తుంటే బండి గుద్ది చనిపోయాడు. ఆ సంగతి నాకు తెలుసు, పోలీసు అధికారికి తెలుసు. ఆ తెరకు మాత్రం తెలియదు. అక్కడ కూర్చున్నంతసేపు నా ఒళ్లు మండిపోయింది. బిడ్డను మట్టిచేసిన మనిషిని ఎదురుగా పెట్టుకుని మీకు చావుల్లేవు అనడం కంటే అవమానం ఏముంటుంది?

సున్నా ఎలా వచ్చిందో తవ్వుకుంటూ పోతే ఒక్కొక్కటే బయటపడింది. తెగ పోలీసులు ప్రమాద నివేదికలను కాగితం మీద రాసి తమ దగ్గరే ఉంచుకుంటారు. రాష్ట్రానికి పంపరు. పంపితే తమ అధికార పరిధిలో వేలు పెడతారని భయం, ఆ భయానికి చరిత్రలో కావలసినన్ని కారణాలున్నాయి. రిజర్వేషన్ మీదుగా వెళ్లే హైవే మీద పోయినవాళ్లను కౌంటీ ఖాతాలో రాశారు. లోపలి మట్టిరోడ్లకు మైలురాళ్లే లేవు, కాబట్టి ఉన్న నివేదికల్లో కూడా "పాత బడి దాటాక మలుపు" అనే ఉంటుంది. ఆ మలుపు రాష్ట్రం మ్యాపులో ఎక్కడా పడదు. పైగా రోడ్డు మరణాల జాతీయ డేటాబేస్ ఫార్స్‌లో, ప్రమాదం జరిగిన 30 రోజుల్లోపు చనిపోతేనే లెక్క. హెలికాప్టర్‌లో దూరపు ఆసుపత్రికి తీసుకెళ్లాక నెల దాటి ప్రాణం పోతే ఆ మనిషి ఈ లెక్కలోకి రాడు.

దారి ఒక్కటే కనిపించింది. దరఖాస్తులో ఫార్స్ లెక్కే ఇవ్వాలని లేదు, వేరే ప్రమాదాల డేటా ఉంటే అదీ చూపవచ్చు. కాబట్టి లెక్క మేమే తయారుచేశాం. పోలీసు కాగితాలు, ఇండియన్ హెల్త్ సర్వీస్ (అమెరికా ఆదివాసులకు వైద్యం అందించే ఫెడరల్ సంస్థ) గాయాల నివారణ కార్యక్రమం దగ్గరున్న వివరాలు, ఊళ్లో పెద్దలు చెప్పిన తేదీలు పక్కపక్కన పెట్టి సరిచూశాం. రెండు చోట్ల కనబడిన మరణాన్నే లెక్కలోకి తీసుకున్నాం. పేర్లు బయటికి పోవని, డేటా తెగ సొత్తుగానే ఉంటుందని ముందే రాతపూర్వకంగా ఒప్పందం చేసుకున్నాం. ఆ కాగితం లేకపోతే పోలీసు అధికారి బీరువా తాళం తీసేవాడే కాదు. ఆయన చేసింది నూటికి నూరుపాళ్లు సరి.

పెద్దావిడ నా పక్కనే కూర్చుని ఒక్కో మలుపూ వేలితో చూపిస్తుంటే మ్యాపు మీద చుక్కలు పెట్టాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను గీసిన మ్యాపులన్నిటిలోకీ అదే గొప్పది, గర్వంగానే చెబుతున్నాను. బడికీ దుకాణానికీ మధ్య దీపాలు, కాలిబాట లేని రెండు మైళ్ల రోడ్డు మీద చుక్కలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఇక వాదించాల్సిన పనే లేకపోయింది.

ఈ దేశంలో జనాభాను బట్టి చూస్తే, నడుస్తూ బండి కింద పడి చనిపోయేవాళ్లలో ఆదివాసుల రేటే అందరికంటే ఎక్కువ. అయినా "తాగి రోడ్డు మీదికి వచ్చి ఉంటాడులే" అనేవాళ్లను చదువుకున్నవాళ్లలోనే చూశాను. నడవడానికి చోటు ఇవ్వని రోడ్డును వదిలేసి నడిచినవాడిని నిందించడం అన్యాయం.

ఇలాంటి పనికి దిగేవాళ్లకు నాలుగు ముక్కలు. తెగ మొహం చూడకుండా, ఎక్కడిదో పాత దరఖాస్తులో పేరు మార్చి పంపే కన్సల్టెంట్లను గుమ్మం ఎక్కనివ్వకండి. అలాంటి ఒకడి పుణ్యాన అంతకుముందు ఈ తెగ ఒక అవకాశం పోగొట్టుకుంది, దరఖాస్తులో పక్క కౌంటీ పేరు అలాగే ఉండిపోయింది. తెగలకే ప్రత్యేకించిన ట్రైబల్ ట్రాన్స్‌పోర్టేషన్ ప్రోగ్రాం భద్రత నిధి కూడా ఉంది. దానికి మన వాటా అక్కర్లేదు, డేటా మెరుగుపరచుకోవడానికే విడిగా అడగవచ్చు. మీ లెక్క కూడా సున్నా అయితే ముందు అక్కడికే వెళ్లండి. గడువు చివరి రోజున వాషింగ్టన్ డీసీ టైమ్ చూసుకోండి, పడమటి వైపు ఉన్నవాళ్లకు ఆ సాయంత్రం ముందే అయిపోతుంది.

ఒక్క జాగ్రత్త. ఎంపికయ్యాం కదా అని పని మొదలుపెట్టకూడదు. ఇది ముందు ఖర్చుపెట్టి తరవాత తిరిగి తీసుకునే పద్ధతి, గ్రాంటు ఒప్పందం మీద సంతకాలు కాకముందు పెట్టిన ఖర్చుకు పైసా రాదు. అందుకే సర్వే వాళ్లను ఇంకా పిలవలేదు. ఈలోగా తెగ పోలీసులకు కొత్త ప్రమాద నివేదిక ఫారం తయారుచేస్తున్నాం, అందులో జీపీఎస్ అంకెల గడి పక్కనే ఊరివాళ్లు ఆ చోటును ఏమని పిలుస్తారో రాసే గడి కూడా పెట్టాం.