పర్లాకిమిడి పెరట్లో ఆరుద్ర పురుగు

గుణుపురం పాసింజర్ నౌపడలో ముప్పావు గంట ఆగిపోయింది. ఎందుకో చెప్పే దిక్కు లేదు. ఆరేళ్ల మా అమ్మాయికి మాత్రం అది పట్టనే లేదు. విజయనగరం దగ్గర అందుకున్న ఫోన్‌ని ఇంకా వదల్లేదు. టెక్కలి దాటాక "కొండలు చూడమ్మా" అంటే ఒక్కసారి తలెత్తి, మళ్లీ దించేసింది. కోపం కన్నా భయమే ఎక్కువ వేసింది నాకు. పెద్దవాడికి పోయినేడాదే అద్దాలు వచ్చాయి. "చిన్నదాన్నైనా రోజూ రెండు గంటలు పగటి వెలుతురులో ఆడనివ్వండి" అన్నారు కళ్ల డాక్టర్ గారు.

పర్లాకిమిడిలో దిగితే చిన్నమ్మమ్మ ఇంటికి ఆటో నూట యాభై! రెండు కిలోమీటర్లు కూడా లేదు. వానలో బేరమాడే ఓపిక లేక ఇచ్చేశాను.

రాత్రంతా కురుస్తూనే ఉంది. పొద్దున్న లేచేసరికి పక్కలో పిల్ల లేదు. పెరట్లో గొంతుక్కూర్చుని ఉంది. పక్కన ఎదురింటి ఒడియా పిల్లాడు. తడి మట్టి మీద ఎర్రటి మఖమల్ గుండీల్లా ఆరుద్ర పురుగులు! వాటిని చూసి నాకెన్నేళ్లయిందో. చిన్నప్పుడు అగ్గిపెట్టెలో గడ్డి పరిచి దాచుకునేవాళ్లం.

"సాధబ బోహూ" అన్నాడు వాడు. ఓడల మీద వ్యాపారం చేసే సాధబుల ఇంటి కోడలని అర్థమట.

మా అమ్మాయి చెయ్యి వెనక్కి లాక్కుంది. "కరుస్తుందా అమ్మమ్మా?"

"ఏటీ చెయ్యదే తల్లీ, వేలు పెట్టి సూడు" అంది చిన్నమ్మమ్మ.

వేలు తగలగానే అది కాళ్లు ముడుచుకుని ఉండలా అయిపోయింది. పిల్ల ఊపిరి బిగబట్టి చూసింది. కాసేపటికి ఒక్కో కాలూ బయటపెట్టి, మెల్లగా అరచేతిలోకి పాకింది. వాడు ఒడియాలో, ఇది తెలుగులో కాళ్లు లెక్కపెట్టారు. "ఆఠొ", "ఎనిమిది". పురుగు అంటాం గానీ అది సాలీడుకి చుట్టం, అందుకే ఎనిమిది. తొలి వానలకి పైకొచ్చి, చెదలు తిని, మళ్లీ మట్టిలోకి పోతుంది.

టిఫిన్‌కి మూడుసార్లు పిలిచాను. రాలేదు. నేనూ మానేశాను.

డాక్టర్ గారి మాట ఉత్తదేం కాదు. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఆరేడేళ్ల పిల్లల్ని బడి రోజుల్లో అదనంగా 40 నిమిషాలు బయట గడపనిచ్చారు. మూడేళ్లకి వాళ్లలో నూటికి 30 మందికి హ్రస్వదృష్టి (దూరంవి మసకగా కనిపించడం) వస్తే, మామూలు బళ్లలో దాదాపు 40 మందికి వచ్చింది. 2015లో అచ్చయిన పరిశోధన అది. అందుకు మందూ మాకూ అక్కర్లేకపోయింది, వెలుతురు చాలింది. ఆ వెలుతురులో పిల్ల నిలబడాలంటే ఇలాంటి పెరడొకటి ఉండాలి కదా. పిల్లల్ని తిడతాం గానీ, వాళ్ల కాళ్ల కింద మట్టి లేకుండా చేసింది మనమే.

మహేంద్రతనయ ఒడ్డుకి వెళ్లాం, గుడికీ వెళ్లాం. అవేవీ దానికి గుర్తులేవు.

బయల్దేరేటప్పుడు ఒకదాన్ని అగ్గిపెట్టెలో విశాఖ తెస్తానంది. ఆ పిల్లాడు వద్దని తలూపాడు. పెట్టె తెరిచి, తీసిన చోటే వదిలింది.

ఇంటికొచ్చిన మర్నాడు వాన పడింది. చెప్పులేసుకుని కిందికి పరిగెత్తింది. వెనకే వెళ్లాను. అపార్ట్‌మెంట్ చుట్టూ టైల్సే. గేటు పక్క వేపచెట్టు మొదట్లో చారెడు మట్టి కనిపిస్తే, అక్కడే గొంతుక్కూర్చుంది. గొడుగు పట్టుకుని నేనూ పక్కన కూర్చున్నాను.