చెంచా అడుగున దాక్కున్న వాంటన్లు

హాంకాంగ్‌లో నాలుగు రోజులున్నాను. స్టార్ ఫెర్రీ, పీక్ ట్రామ్ గురించి ఇప్పటికే బోలెడుమంది రాసేశారు. నాకు మిగిలింది ఒక గిన్నె వాంటన్ నూడుల్ సూప్. వాంటన్లంటే పల్చటి పిండి పొరలో రొయ్యలూ అవీ కూరి చేసే చిన్న ఉండలు. 48 హాంకాంగ్ డాలర్లు, అంటే మన డబ్బులో దాదాపు ఐదొందలు. గిన్నె చూస్తే మా ఇంట్లో పెరుగు తోడుపెట్టే గిన్నెంత!

జోర్డాన్ స్టేషన్ దగ్గర ఒక సందులో ఉందా షాపు. మధ్యాహ్నం రెండు దాటినా ఖాళీ లేదు. నన్నో మాట అడగకుండా తీసుకెళ్లి ఎవరో పెద్దాయన ఎదురుగా కూర్చోబెట్టారు. అక్కడ టేబుల్ పంచుకోవడం మామూలే.

గిన్నె వచ్చింది. పైన దారాల్లాంటి పసుపుపచ్చ నూడుల్స్, చుట్టూ పల్చటి తేనెరంగు నీళ్లు. వాంటన్ ఒక్కటీ కనపడదు. ఐదొందలూ పోయాయనుకుని కెలికితే అడుగున చెంచా, దాని చుట్టూ నాలుగు వాంటన్లు. సరేలే అని ఫోన్ తీశాను. వెలుతురు కుదర్లేదు, గిన్నె అటూ ఇటూ జరిపి మళ్లీ తీశాను. పెద్దాయన ఓపిక పట్టలేక వేలితో టేబుల్ మీద కొట్టాడు. "ఈట్, ఈట్! సాఫ్ట్!"

కొంత ఇంగ్లిష్, కొంత సైగలు కలిపి ఆయన చెప్పిందిది. గుడ్డు, క్షారపు నీళ్లు కలిపి చేసే ఆ నూడుల్స్‌ని మరిగే నీళ్లలో కాసేపే ముంచి, చన్నీళ్లలో తీసి, మళ్లీ వేడినీళ్లలో ఆడిస్తారట. సూప్‌లో నానితే కరకర పోతుంది. అందుకే వాంటన్లు కిందా, నూడుల్స్ పైనా. గిన్నె చిన్నదవ్వడానికీ కారణం అదే, మెత్తబడేలోపు అయిపోవాలి.

సూప్ తాగాను. మొదటి గుక్కకే నరసాపురంలో అమ్మమ్మ ఇంటి వెనక వసారా గుర్తొచ్చింది. ఎండుచేపలు నిప్పుల మీద కాల్చే వాసన! ఇక్కడా అంతే, ఒక రకం బల్లపరుపు చేపని ఎండబెట్టి, కాల్చి, పంది ఎముకలతో కలిపి మరిగిస్తారు. మా అమ్మమ్మ వంట వీధి చివరికి తెలిసిపోయేది. ఇది మాత్రం గొంతు దిగాకే తెలిసింది.

వాంటన్ పొర ఎంత పల్చనంటే లోపలి రొయ్య గులాబీ రంగు పైకి కనిపిస్తోంది. కొరికితే రొయ్య టక్కుమంది. కొంచెం పంది మాంసం కూడా ఉంది, ఆ కొవ్వు వల్లే లోపల కూరింది పొడిబారలేదు. కాంటనీస్‌లో 'వాంటన్' అని రాసే అక్షరాలకి 'మబ్బుల్ని మింగడం' అని అర్థం. హైదరాబాద్‌లో నేను తిన్నవి కార్న్‌ఫ్లోర్ గంజిలో తేలే మైదా ముద్దలు. వాటికి మబ్బులెందుకు, రాళ్లంటే సరిపోయేది.

మిరపనూనె సీసా మీద చెయ్యి వేస్తే పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. గోదావరి వాణ్ని, అది మాత్రం వినలేదు. చెంచాలోకి తీసుకున్న వాంటన్ మీద రెండు చుక్కలు వేసుకున్నాను.

ఆకలి తీరలేదు. ఇంకో గిన్నె చెప్పాను, ఇంకో ఐదొందలు. ఇంటికొచ్చాక ఫొటోలు చూపించాను. మూడింట్లోనూ పసుపు నూడుల్స్ తప్ప ఏమీ లేవు.

"మ్యాగీ తినడానికి అంత దూరం వెళ్లావా?" అంది అమ్మ.